తిరిగొచ్చిన సీసపు బిళ్ళ

లైడెన్ ఊరి పాత లెక్కల పుస్తకాలకు
బూజు దులిపే ఉద్యోగం నాది.
మెత్తటి కుంచెతో, ఊపిరి బిగబట్టి,
ఒక్కో పుటా.
సిరా ఆరడానికి ఎవరో గుమాస్తా చల్లిన ఇసుక
మూడున్నర వందల ఏళ్ళ తర్వాత
ఇంకా రాలుతుంది నా ఒళ్ళోకి.

పుస్తకం తెరవగానే ముందు తగిలేది చలి.
కాలవలు గడ్డకట్టిన జనవరి.
ఉన్ని దువ్వేవాళ్ళు, నూలు వడికేవాళ్ళు,
మగ్గం ఆగితే పొయ్యి కూడా ఆగేవాళ్ళు
చర్చి పక్క గుమ్మం ముందు బారులు తీరి.
మనిషికో సీసపు బిళ్ళ,
బిళ్ళకో రై రొట్టె,
చంటిబిడ్డ ఉంటే అర రొట్టె అదనం,
మంటకి బుట్టెడు పీట్ గడ్డలు.

ఊరికే ఇవ్వలేదు లెండి.
ముందు ఇద్దరు పెద్దమనుషులు ఇంటికొచ్చి చూస్తారు:
కుండలో ఏముంది, మంచం కింద ఏముంది,
ఆదివారం ప్రార్థనకి వస్తున్నారా,
మొగుడు తాగుతాడా, కుక్కని సాకుతున్నారా.
కుక్క ఉన్న ఇంటికి రొట్టె లేదు.
ఆ ఏడు ఊళ్ళో కుక్కలన్నీ ఎటు పోయాయో
ఏ పుటలోనూ రాయలేదు.

ఇచ్చినవాళ్ళు మాత్రం మ్యూజియంలో ఉన్నారు.
నల్ల కోట్లు, గంజి పెట్టిన తెల్ల మెడపట్టీలు,
బల్ల మీద తెరిచిన పుస్తకం, బహుశా ఇదే.
వాళ్ళ చేతులు ఎంత బాగా వేశాడనీ ఆ చిత్రకారుడు,
వేళ్ళ మీద వెలుగు వెన్న రాసినట్టు!
పుచ్చుకున్న చేతుల్ని ఎవరూ వేయలేదు.
అవి నా దగ్గరున్నాయి, గీతలుగా:
పేరు, వీధి, రొట్టెలు, పీట్,
కొన్నింటి చివర చిన్న శిలువ.
అంటే ఇక రారు.

నిన్న దొరికింది ఈమె.
లైస్‌బెత్ యాకబ్స్, వితంతువు,
నూలు వడుకు, పిల్లలు ముగ్గురు.
పదకొండు వారాలు రెండేసి రొట్టెలు.
పన్నెండో వారం దగ్గర
గుమాస్తా కలం కాసేపు గాల్లో ఆగినట్టుంది,
ఒక చుక్క రాలింది.
ఇచ్చినదానికి గడి ఉంది,
చచ్చినవాళ్ళకి గడి ఉంది,
తిరిగి తెచ్చినదానికి లేదు.
పుస్తకాన్ని అడ్డంగా తిప్పి అంచున రాశాడు:
"బిళ్ళ ఒకటి వాపసు చేసింది. ఎందుకని అడగలేదు."

అడగాల్సిందయ్యా!
పని దొరికిందా? తినే నోరు ఒకటి తగ్గిందా?
మళ్ళీ పెళ్ళి చేసుకుందా?
లేక ఆ ఇద్దరి బూట్లు మంచుతో సహా
గడప దాటి లోపలికి రావడం
ఇక చాలనిపించిందా?
మధ్యాహ్నమంతా వెతికాను.
పదమూడో వారాన్ని ఎలకలు తినేశాయి.
రొట్టెల లెక్క కదా,
వాటికీ వాసన తగిలుంటుంది.

ఐదింటికి కుంచె కడిగి ఆరబెట్టాను.
గురువారం.
మూసేసిన బడి వ్యాయామశాలలో
ఫుడ్ బ్యాంక్ తలుపు ఆరు దాకా తీసే ఉంటుంది.
సగం రోజు ఉద్యోగానికి సగం జీతం,
ఇంటాయన సగం అద్దె తీసుకోడు కదా.
నా కార్డు మీద పేరు కన్నా నంబరు పెద్దది.
ఫెమ్కె సంచి నింపుతూ
వాళ్ళమ్మ మోకాలి నొప్పి గురించి చెబుతుంది,
అడక్కుండానే అడుగున ఒక పొట్లం సర్దుతుంది:
"ఇది మీ కుక్కకి."

ఆ మాటకి నాకు కళ్ళు చెమర్చబోయి ఆగాయి,
ఎందుకంటే వెంటనే
పక్క బల్ల కుర్రాడు మర్యాదగా అన్నాడు,
కార్డు మళ్ళీ రాయించుకోవాలి,
మూడు నెలల బ్యాంకు లెక్కలు తెండి.
పోయినసారి ఒక గీత మీద వేలు పెట్టి అడిగాడు,
ఈ ఆరు యూరోలు దేనికని.
తులిప్ పూలకి అని చెప్పలేక
సబ్బులన్నాను.

"వచ్చే గురువారం వస్తావుగా?" అంది ఫెమ్కె.
వస్తానన్నాను.
వంతెన మీద గాలి.
సంచి బరువుగా ఉంది,
చెయ్యి మార్చుకున్నాను.